నవ్వు ఎవరి మీద పడుతోంది?

నస్పూర్ సింగరేణి క్వార్టర్‌లో టీవీ ఉన్న గదిలోనే నానమ్మ మంచం, పిల్లల పుస్తకాల సంచులు, నైట్ షిఫ్ట్‌కు బయల్దేరే నాన్న డ్యూటీ బట్టలు ఉంటాయి. ఒకరి కోసం పెట్టిన సినిమా ఇంటిల్లిపాదికీ పెట్టినట్టే. అందుకే ఇక్కడ ముతక కామెడీ సినిమా సంగతి ఇంట్లో తేలాల్సిన లెక్క. అది ఇంటి పెద్దలు సినిమా మొదలుకాకముందే తేల్చాలి. ఇబ్బంది సీను వచ్చాక రిమోట్ కోసం దిండ్ల కింద వెతకడం, అమ్మ ఉన్నట్టుండి వంటింట్లోకి వెళ్లడం, పిల్లాడు ఫోన్‌లో తల దూర్చడం... అప్పటికి ఆలస్యమైపోయినట్టే.

మనలో చాలామంది హీరో మొహం చూసి నిర్ణయం తీసుకుంటారు. వెంకటేష్ అంటే ఇంటిల్లిపాదీ చూసే సినిమా అని ఎన్నో ఏళ్ల నమ్మకం. ఆ నమ్మకంతోనే 2023 మార్చి 10న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘రానా నాయుడు’ సిరీస్‌ను ఇంట్లో అందరి ముందూ పెట్టినవాళ్లు కంగుతిన్నారు. కుటుంబంతో కలిసి చూడొద్దని వెంకటేష్, తోటి నటుడు రానా విడుదలకు ముందే చెప్పారు. చెప్పినా మొహం మీది నమ్మకమే గెలిచింది. నటుడు వేషం మారుస్తాడు, అది అతని వృత్తి. మన అంచనా కూడా వేషంతో పాటు మారాలి కదా!

మరి సర్టిఫికెట్? అది పనికొచ్చేదే, పూర్తిగా చదివితే. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించాక యూఏ అన్న ఒక్క గంపగుత్త గుర్తు పోయి యూఏ 7+, 13+, 16+ అని మూడు మెట్లు వచ్చాయి. ఓటీటీలకు 2021 నిబంధనల ప్రకారం ఇలాంటి వయసు గుర్తులే ఉన్నాయి. హింస, అసభ్య భాష వంటివి ఉన్నాయా అన్నది కూడా వాళ్లు ముందే చూపించాలి. తెర మూలన కొన్ని క్షణాలు కనిపించే ఆ చిన్న అక్షరాలను మనం తొందరపడి దాటేస్తాం. థియేటర్‌లో ‘ఏ’ (పెద్దలకు మాత్రమే) సర్టిఫికెట్ సినిమాకు పద్దెనిమిదేళ్లలోపు వాళ్లను రానివ్వకూడదు. ఇంట్లో టికెట్ చింపేవాడు లేడు, ఆ పని మీదే.

అయితే సర్టిఫికెట్ మాటలనూ దృశ్యాలనూ తూచగలదు కానీ, నవ్వు ఎవరి మీద పడుతోందో చెప్పదు. అసలు చూడాల్సింది అదే.

2025 సంక్రాంతికి వచ్చిన ‘సంక్రాంతికి వస్తున్నాం’ తీసుకోండి. పండక్కి ఇంటిల్లిపాదీ వెళ్లిన సినిమా. అందులో బుల్లిరాజు అనే పిల్లాడు, నాన్నను ఎవరైనా ఒక్క మాటంటే చాలు, బూతుల దండకం ఎత్తుకుంటాడు. ఓటీటీ చూసి చెడిపోయాడని సినిమాయే చెబుతుంది. పిల్లలకు ఓటీటీ అప్పగించొద్దన్నది దర్శకుడు అనిల్ రావిపూడి ఇచ్చుకున్న వివరణ. హాల్లో మాత్రం వాడు నోరు విప్పిన ప్రతిసారీ ఈలలు. ఎనిమిదేళ్ల పిల్లాడు హెచ్చరికను ఇంటికి మోసుకురాడు, ఈలలను మోసుకొస్తాడు. ఆ ఏడాది మార్చి 1న ఈ సినిమా జీ తెలుగు ఛానల్‌లోనూ జీ5 ఓటీటీలోనూ ఒకే రోజు వచ్చింది. హెచ్చరిక కూడా ఓటీటీ ఎక్కేసిందన్నమాట.

నన్నడిగితే ఈ సినిమాను పిల్లలతో చూడొచ్చు, పక్కన కూర్చుని చూడాలి. నాకు బుల్లిరాజు కంటే ఎక్కువ గుచ్చుకున్నది వేరే ఉంది. ఒక మగాడి కోసం భార్య, పాత ప్రేయసి ఇద్దరూ ఎత్తిపొడుచుకుంటుంటే అతను మధ్యలో ముద్దుగా ఇరుక్కుని ఉంటాడు. బూతులు గొడవయ్యాయి, ఇది కాలేదు.

ముతక మాట వింటేనే ఇల్లు చెడుతుందనుకోవడం మన ప్రాంతం సంగతి తెలియని మాట. మన చిందు యక్షగానంలో బుడ్డర్‌ఖాన్ వేషం వచ్చిందంటే ముతక హాస్యమే. ఊరంతా, ముసలీ ముతకా పిల్లాజెల్లా, అదే వాకిట్లో కూర్చుని నవ్వేవారు. 2023లో సిరిసిల్ల బిడ్డ వేణు యెల్దండి తీసిన ‘బలగం’లో కల్లూ ఉంది, తాగుడూ ఉంది, చావింట్లో తిట్టుకోవడమూ ఉంది. అయినా ఊళ్లలో తెరలు కట్టుకుని అందరూ కలిసి చూశారు, కలిసి ఏడ్చారు. ఎవర్నీ తక్కువ చేసి నవ్వించలేదు కాబట్టి ఎవరూ తలదించుకోవాల్సిన పని పడలేదు. ఆ వేణు ‘జబర్దస్త్’ వేదిక నుంచి వచ్చినవాడే. 2013లో ఈటీవీలో మొదలైన ఆ కార్యక్రమంలో ద్వంద్వార్థాలకు కొదవ లేదని గొడవ జరుగుతూనే వచ్చింది. అంటే మనిషి ఒక్కడే, నవ్వును ఎటు తిప్పాలన్నది ఎంపిక.

ఇంకో రకం ముతకదనం ఉంది. బీప్ వేయడానికి ఒక్క మాట కూడా దొరకదు. లావుపాటి అమ్మాయి నడిస్తే డప్పు మోత, నల్లగా ఉన్నవాణ్ని చూసి కెవ్వుమనడం, నత్తిని పదేపదే అనుకరించడం, పనిమనిషిని చూసి హీరో గారి కన్ను గీటు. వీటికి 13+ అవసరం కూడా పడకపోవచ్చు. మీ గదిలో కూర్చున్న వాళ్లలో రంగు తక్కువని పెళ్లిచూపుల్లో మాట పడ్డ చెల్లెలుందా? నత్తి ఉన్న మేనల్లుడున్నాడా? మిగతా అందరూ నవ్వుతుంటే వాళ్లు కూడా నవ్వాల్సి వస్తుంది చూడండి, ఆ నవ్వును ఊహించుకోండి. ఆ సినిమా మీ ఇంట్లో అందరిదీ కాదు.

కాబట్టి అడిగే ప్రశ్న మార్చండి. బొగ్గు బాయి కాడ తోటి మనిషిని “అన్నా, పోరగాండ్లతోని చూడొచ్చానే?” అంటే “జెర్ర కామెడీ ఎక్కువున్నది తమ్మీ, ఏం కాదు” అంటాడు. అదే “ఎవర్ని ఎక్కిరించి నవ్విచ్చిండు?” అని అడిగి చూడండి, కాసేపు ఆలోచించి అసలు సంగతి చెబుతాడు. ట్రైలర్‌ను కూడా కథ కోసం కాక కమెడియన్ల కోసం చూడండి. వాళ్ల పక్కన ఆడవాళ్లకు ఏం పని ఇచ్చారో గమనించండి. రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఇంత చేసినా ఒక్కోసారి బోల్తా పడతాం. అప్పుడు లేని ఫోన్ కాల్ తెచ్చుకోకండి, పిల్లాడి కళ్లు మూయకండి. “ఇది మనకొద్దు, వేరేది పెట్టుకుందాం” అనండి చాలు. పిల్లలకు సినిమా మధ్యలో లేవచ్చని తెలియడం కూడా ఒక చదువే. రేపు కాలేజీ స్నేహితుల మధ్య కూర్చున్నప్పుడు పనికొస్తుంది. ఇక సినిమాలో విన్న మాట పిల్లాడి నోట మొదటిసారి వచ్చినప్పుడు నవ్వకండి, చెంప మీద కొట్టకండి. అన్నిటికన్నా ముఖ్యం, ఇంటికొచ్చిన మామ ముందు “ఏదిరా, ఆ డైలాగ్ మళ్లీ చెప్పు” అని ఆడించకండి. బుల్లిరాజులను సినిమావాళ్లు ఒక్కరే తయారు చేయట్లేదు.

పెద్దవాళ్లు తమకోసం ముతక కామెడీ చూసుకోవడంలో తప్పేమీ లేదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, మీ ప్రొఫైల్‌లో చూసుకోండి. 13+, ఆపై వాటికి ఓటీటీలు తాళం వేసుకునే వీలు ఇవ్వాలని నిబంధనలే చెబుతున్నాయి. ఆ తాళం ఈ రాత్రే వేయండి. పిన్ నంబరుగా మాత్రం పిల్లాడి పుట్టినరోజు పెట్టకండి, వాడు మొదట కొట్టి చూసేది అదే.