తపాలా బిళ్ళపై ఆలిండియా రేడియో: ఏ తేదీ నుండి లెక్క?

విద్యార్థులారా! 1961 జూన్ 8న మన తపాలా శాఖ 15 నయాపైసల స్మారక బిళ్ళను విడుదల చేసింది. దానిపై ఆలిండియా రేడియో చిహ్నం, ప్రసార స్తంభాలు ఉంటాయి. సందర్భం ఆ సంస్థ రజతోత్సవం. 1961లో నుండి 25 తీసివేస్తే 1936. కాని జనరల్ నాలెడ్జి పుస్తకాలు మన దేశంలో క్రమబద్ధమైన రేడియో ప్రసారాలు 1927లో మొదలయ్యాయంటాయి. ఏది ఒప్పు?

రెండూ ఒప్పే. 1927 జూలై 23న బొంబాయిలో, ఆగస్టు 26న కలకత్తాలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ కేంద్రాలు ప్రారంభించింది. శ్రోతలు కట్టే లైసెన్సు రుసుము దాని ముఖ్య ఆదాయాలలో ఒకటి. లైసెన్సులు తక్కువ, ఖర్చు ఎక్కువ. 1930 మార్చిలో కంపెనీ మూతపడింది. ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ కేంద్రాలను చేపట్టింది. 1936 జూన్ 8న ఆ ప్రసార సంస్థకు ఆలిండియా రేడియో అని పేరు పెట్టారు. రజతోత్సవం లెక్క ఆ రోజు నుండి.

ఖాతా పేరు మారితే లెడ్జరులో కొత్త పుట తెరుస్తారు. పాత పుట చింపివేయరు. చరిత్ర కూడా అంతే. తపాలా బిళ్ళ కొత్త పుటను చూపింది, నష్టపోయిన కంపెనీ పాత పుటలో ఉంది.

కనుక పరీక్షలో ప్రశ్న సరిగా చదవండి. కంపెనీ ప్రసారాలు 1927, ప్రభుత్వ నిర్వహణ 1930, ఆలిండియా రేడియో పేరు 1936 అని విడివిడిగా గుర్తుంచుకోండి.

తల్లిదండ్రులకు ఒక మనవి: ఇంట్లోని పాత కవర్లు పారవేయకండి. వాటిపై బిళ్ళలను పిల్లల చేత చదివించి, "ఈ సంవత్సరం దేనికి గుర్తు?" అని అడగండి.