మోచేయి నీది, పట్టు వారిది

చిరంజీవి చిట్టితల్లికి పెదనాన్న అనేకాశీస్సులతో వ్రాయునది. ఇక్కడ మీ పెద్దమ్మ మోకాళ్ల నొప్పులు తప్ప అందరమును క్షేమము.

రానున్న చైత్రమాసమున నీవు డార్జిలింగు ప్రాంతములోని సందక్‌ఫూ కొండకు చూపులేనివారితో జతకూడి కాలినడకన పోనున్నావనియు, ఆ నడకను నిమిత్తముగా జేసికొని బంధుమిత్రుల యొద్ద చందాలు కూర్చి, అంధబాలుర చదువునకై పాటుపడు సంస్థకు ఇయ్యనున్నావనియు నీ లేఖవలన ఎరిగి మిక్కిలి ఆనందించితిని. అయితే ఆ లేఖ చేరుటకు ముందే మీ అత్తయ్య నోట ఆ వార్త కాళ్లు చేతులు తొడిగికొని మా యింటికి వచ్చియుండెను. "కళ్లులేనివాళ్లను హిమాలయాలెక్కిస్తుందట! కాలో చెయ్యో విరిగితే కుదరబోయే సంబంధం ఏం కావాలి?" అని ఆమె ఆవేదన. కాలు విరిగినంతనే తప్పిపోవు సంబంధము తప్పిపోవుటయే మేలని నేననగా మీ అమ్మయు నవ్వినది. కావున ఆ విషయమున నీవు దిగులు పెట్టుకొనవలదు. నా దిగులు వేరు. నీవు అందరికిని పంపిన చందా విజ్ఞప్తిని మీ తమ్ముడు తన ఫోనులో నాకు చదివి వినిపించినాడు.

అందులో "అంధకారమున మగ్గుచున్న అభాగ్యులకు నేను కన్నునై దారి చూపుదును" అని యొక వాక్యమున్నది. నీతో నడువబోవువారిలో ఒకరు బ్యాంకు ఉద్యోగి యనియు, ఒకరు సంగీతము నేర్పు పంతులుగారనియు, నీకు జతగా కుదిరిన ఆమె నీకంటె ఎక్కువ కొండలెక్కినదనియు నాకు వ్రాసినది నీవే గదా! తమ బరువు తాము మోసికొనుచు, తమ వంతు చందాలు తాము కూర్చుకొనుచు నడువనున్న ఈ మువ్వురిలో అభాగ్యులెవరో నాకు బోధపడలేదు. అమెరికా దేశస్థుడు ఎరిక్ వైహెన్‌మేయరు 2001వ సంవత్సరము మే నెలలో ఎవరెస్టు నెక్కినప్పుడు, ముందు నడచువారు గంట మ్రోగించుచు పోగా ఆ నాదమును బట్టి అడుగులు వేసెనని చదివియున్నాను. మన దేశమునందే, హిమాచలప్రదేశములోని కిన్నౌరు సీమలో పుట్టిన ఛోంజిన్ ఆంగ్మో యను చూపులేని యువతి 2025 మే నెలలో అదే శిఖరమును చేరుకొన్నది. వారికెవరును కన్నులు కాలేదు. గంట కట్టినవారు గంట మాత్రమే కట్టిరి. ఆ విజ్ఞప్తిని నీ జతకత్తెకు బిగ్గరగా చదివి వినిపింపుము. చదువుటకు నీకు నోరాడని వాక్యమును కొట్టివేయుము. కసరుచున్నానని చిన్నబుచ్చుకొనకు తల్లీ, నీ మనసు నాకు తెలియును.

మన చిన్నతాతగారి సంగతి నీవెరిగినదే, అయినను మరల చెప్పెదను. నీటికాసులతో ఆయన చూపు పూర్తిగా పోయిన పిమ్మట తిరుమల నడచి యెక్కవలెనని పట్టుబట్టగా, బడి సెలవులలో నున్న నన్ను తోడిచ్చి పంపిరి. అలిపిరి మెట్లదారి 3,550 మెట్లు. నాకు మీసమైనను రాని వయస్సు. నాయకత్వము నాకు దక్కెనన్న గర్వముతో ఆయన మణికట్టు పట్టుకొని లాగుకొనుచు బయలుదేరితిని. పది మెట్లు దాటకముందే ఆయన చేయి విడిపించుకొని, "నన్నేమైనా సంతకు తోలుకొని పోతున్నావట్రా?" అని, తానే నా మోచేతి పైభాగమును పట్టుకొని అరడుగు వెనుక నిలిచెను. ఆ పట్టు ఎంత తేలికయో, అంత ఎరుక గలది. నేను మెట్టెక్కిన క్షణమున నా భుజము లేచుట ఆయనకు తెలిసెడిది, నేను ఆగిన ఆయన ఆగెడివారు. గాలిగోపురము ఇంకను కొంత దూరముండగనే చెంపకు తగులు గాలిని బట్టి అది వచ్చుచున్నదని చెప్పిరి. మ్రొక్కుబడి స్త్రీలు మెట్టుమెట్టునకును పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి కర్పూరము వెలిగించి పోయినారు. అరికాలికి అంటిన తడిని బట్టి, "వాళ్లు మనకెంతో ముందు లేరురా, పసుపింకా ఆరలేదు" అనిరి. మోకాళ్లపర్వతము కడ, ఆ నిట్టనిలువు మెట్లమీద, నేను భయపడి మరల ఆయన చేయి గుంజబోగా వ్రేళ్లమీద ఒక్కటి వేసిరి. ఆయన దెబ్బ తగిలినందుకు కాదు, ప్రక్కనున్న యాత్రికులు నవ్వినందుకు నాకేడ్పు వచ్చెను. దిగివచ్చిన పిమ్మట కొనిపెట్టిన ఇడ్లీల రుచి ఇప్పుడు వర్ణింపబూనిన ఈ ఉత్తరము ముగియదు.

కావున నీవు పట్టుకొనవలదు, పట్టుకొననిమ్ము. దారి సన్నగిలినచోట నీ మోచేతిని వెన్నువైపునకు తిప్పినచో ఆమె నీ వెనుక వరుసకు వచ్చును. కొండదారిలో సంచి పట్టీయైనను, ఇరువురకు నడుమ ఒక కర్రయైనను ఆమె యిష్టము, అడిగి తెలిసికొనుము. "ఇక్కడ", "అక్కడ", "చూసుకో" అను మాటలు పలికి ప్రయోజనము లేదు. "కుడికాలికి జానెడు ముందు రాయి", "ఎడమవైపు లోయ, నాలుగడుగులు కుడికి ఒత్తి నడువుము" అని పలుకవలెను. తలయూపి ఊరకుండకు. ప్రక్కనుండి లేచి పోవునపుడు పోవుచున్నానని చెప్పి పొమ్ము, లేనిచో పాపము ఆమె శూన్యముతో మాటలాడుచుండును. చూపు తక్కువ యనగానే చీకటి యనియు భావింపకు. రేచీకటితో మొదలై క్రమముగా చూపు కుంచించుకొనిపోవు వ్యాధి గలవారు మధ్యాహ్నవేళ పత్రిక చదువగలరు గాని పాదముకడనున్న రాయి కానరాక తూలుదురు. చూచినవారు నటన యందురు. అట్టి వ్యాధి వంశములో పొంచియుండి మేనరికములలో బయటపడుట ఎక్కువ గావున, మన యింట నటన యను మాట ఎవరును నవ్వుచు అనరాదు.

సందక్‌ఫూ దారిలో మానేభంజన్ మొదలుకొని తుమ్లింగు, కాలిపోఖరి మీదుగా ఒకప్పుడు రాళ్లు పరచిన బాటయే యుండెడిదనియు, పురాతనమైన ల్యాండ్‌రోవరు జీపులు దానిపై కుదుపుచు పోయెడివనియు వింటిని. 3,636 మీటర్ల ఎత్తున, శిఖరముపై, కాంచనజంఘ పంక్తి శయనించిన బుద్ధునివలె అగపడునట. అప్పుడు నీవు ఏమి చేయుదువన్నది నాకు ముఖ్యము. సంజయుడు ధృతరాష్ట్రునకు యుద్ధము చెప్పినప్పుడు ఎవరు పడిరి, ఎవరు నిలిచిరి అన్నది చెప్పెను గాని, "ఆహా, ఎంత బాగున్నది!" యని నిట్టూర్చి ఊరకుండలేదు. నీవును తల యెటువైపు, పాదములు ఎటువైపు, మంచు ఎంతవరకు, మబ్బు ఎక్కడ తాకుచున్నది అని చెప్పుము. ఆమె అడిగినంతయే చెప్పుము. ఆమెకు ఆ వేళ జెండాల పటపటలు వినుచు మౌనముగా కూర్చుండవలెనని తోచినచో నీ వర్ణన చాలించి టీ త్రాగుము.

ఇక అసలు మాట. రసీదులు.

నీ విజ్ఞప్తిలో బ్యాంకు ఖాతా సంఖ్య నీ సొంతదిగా నున్నది. ఇది నాకు నిద్ర పట్టనీయలేదు. నీ రైలు టిక్కెట్టు, నీ గుడారము, నీ బూట్లు, నీ భోజనము నీ జీతమునుండి. దాతలిచ్చిన ప్రతి కాసును నేరుగా సంస్థ ఖాతాకు. ఈ రెండును ఒక్క గిన్నెలో కలిసినచో ఎంత చిలికినను వేరుపడవు. ఆ సంస్థకు విరాళములపై పన్ను మినహాయింపు అనుమతి యున్నదా? ఉన్నను, 2,000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చినవారికి పన్ను మినహాయింపు రాదు. మీ బాబాయి నోట్లకట్టతో సిద్ధముగా నున్నాడు, వానికి ముందే చెప్పుము. డాలసులోని మీ అన్నయ్య అమెరికా పౌరసత్వము పుచ్చుకొన్నాడు గదా! వాడిచ్చునది చట్టము దృష్టిలో విదేశీ విరాళము. విదేశీ విరాళముల చట్టము క్రింద నమోదైన, లేక ముందస్తు అనుమతి పొందిన సంస్థయే దానిని పుచ్చుకొనవలెను, అదియును 2020 నాటి సవరణ తరువాత ఢిల్లీలోని స్టేటు బ్యాంకు ప్రధానశాఖలో ఆ సంస్థకు గల ప్రత్యేక ఖాతా ద్వారముననే. వాడు ప్రేమతో నీకు పంపి, నీవు అమాయకముగా సంస్థకు పంపినను చిక్కే. మీ వదిన యింకను భారత పౌరురాలే కావున ఆమె తన సొమ్ము ఇయ్యవచ్చును. ఈ భేదము వారిరువురకు భోజనవేళ కాక మరొకప్పుడు తెలియజెప్పుము.

నాకీ చాదస్తము ఎక్కడ పట్టినదో చెప్పెదను. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనలో దివిసీమ నీట మునిగినప్పుడు, కాలేజీ కుర్రలము డబ్బాలు పట్టుకొని వీధులవెంట తిరిగితిమి. మా అధ్యాపకులొకరు మాకు డబ్బాతోపాటు ఒక రసీదు పుస్తకమును, కార్బను కాగితమును ఇచ్చిరి. పావలాకైనను రసీదు చింపవలెనని ఆజ్ఞ. బస్టాండు కడ మిరపకాయ బజ్జీలు వేయు ముసలమ్మ నూనె చేతితో అర్ధరూపాయి డబ్బాలో వేసినది. రద్దీలో మేము ముందుకు సాగిపోతిమి. డబ్బాకును పుస్తకమునకును లెక్క కుదరక, ఆ సాయంకాలము ఆయన నన్ను సైకిలుపై తిరిగి పంపిరి. "అర్ధరూపాయికి కాగితమెందుకయ్యా?" అని నవ్వినదా ముసలమ్మ. అయినను చేతులు చీరకొంగున తుడిచికొని, రసీదును రెండు చేతులతో అందుకొని, అందులో తన పేరెక్కడ నున్నదో వ్రేలితో చూపించుకొని, నాలుగు మడతలు పెట్టి బొడ్డుసంచిలో దాచుకొన్నది. ఆ సాయంకాలము ఆమె ముఖమును చూచిన పిదప, కాగితమీయక పుచ్చుకొన్న సొమ్ము నాకు సొమ్ముగా కానరాదు. మీ పెద్దమ్మ "పాలవాడికి కూడా రసీదు ఇమ్మంటాడు" అని పరిహసించుట నీవెరుగుదువు. పరిహసింపనిమ్ము.

మరియొక్కటి, దీనిని తేలికగా తీసికొనకు. 3,000 మీటర్లు దాటిన పిదప రాత్రి పడుకొను చోటు ముందునాటికంటె 500 మీటర్లకు మించి ఎత్తున ఉండరాదని వైద్యులందురు. అట్టి ఎత్తులలో తలనొప్పి, వాంతితోపాటు అడుగు తడబడుట గొప్ప అపాయమునకు గుర్తు. నీ జతకత్తె తూలినపుడు "చూపులేదు కాబట్టి" యని సరిపెట్టుకొని ఎవరైనను ముందుకు నడిపింతురేమో యని నా భయము. ఆమె రోజూ ఎట్లు నడచునో ముందే గమనించి యుంచుకొనుము, తేడా కనిపించినచో క్రిందికి దిగుడు. నీ అడుగును కనిపెట్టి చూచు పని ఆమెకు ఒప్పగింపుము. నీ మోచేయి తన చేతిలో నుండగా నీకంటె ముందు ఆమెకే తెలియును.

కొత్త బూట్లు ఇప్పుడే తొడిగి ఊరంతయు తిరుగుము, బొబ్బలన్నియు ఇంటికడనే పుట్టి చచ్చును. సున్నుండలు డబ్బాలో పెట్టి మీ పెద్దమ్మ పంపుచున్నది. నీ జతకత్తెకు చక్కెర వ్యాధి లేదని కనుగొని పెట్టుము, ఉన్నచో ఆమె వంతు కూడ నీవే తినక తక్కినవారికి పంచుము. నా వంతుగా 5,000 రూపాయలకు చెక్కు వ్రాసి నీకు గాక సంస్థకే నేరుగా పంపితిని, అలుగవలదు. వారి రసీదు ఇంకను రాలేదు. ఒకమారు ఫోను చేసి అడిగి పెట్టుము.

ఇట్లు,
ఆశీస్సులతో,
మీ పెదనాన్న