నేల లోపలి పగులు తెలిసేదెలా?

2024 డిసెంబరు 4. పొద్దున ఏడున్నర కావస్తోంది. ములుగు జిల్లాలో భూమి కంపించింది. ఆ అదురు హైదరాబాదు దాకా తెలిసింది. జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. దాని తీవ్రత 5.3. అంతకుముందు 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర భూమి అదిరింది. అప్పటి తీవ్రత 5.7.

రెండూ గోదావరి లోయలోనే వచ్చాయి. ఎందుకని?

నేల కింద రాయి ఉంటుంది. కొన్నిచోట్ల ఆ రాయి లోతుగా పగిలి ఉంటుంది. పగులుకు అటూ ఇటూ ఉన్న రాళ్ల మీద ఒత్తిడి పెరుగుతూ ఉంటుంది. అది మితిమీరితే రాళ్లు ఒక్కసారిగా జారతాయి. అదే భూకంపం.

గోదావరి లోయలో కోట్ల ఏళ్ల కిందట నేల రెండు వైపులా పగిలింది. మధ్య భాగం కిందికి దిగింది. ఆ పల్లంలో ఇసుక, మట్టి, చెట్టూ చేమా పేరుకున్నాయి. ఇసుక రాయిగా మారింది. చెట్లు బొగ్గయ్యాయి. సింగరేణి బొగ్గు అలా వచ్చిందే.

పగులు పైకి కనబడదు. పైన పొలాలు, అడవులు, ఊళ్లు. మరి ఎలా తెలుస్తుంది?

సోలెడు బియ్యం, సోలెడు పేలాలు తూచి చూడండి. కొలత ఒకటే, బరువు వేరు. రాళ్లూ అంతే. గ్రానైటు బరువు. ఇసుకరాయి, బొగ్గు తేలిక.

భూమి ప్రతి వస్తువునూ తనవైపు లాగుతుంది. అడుగున బరువు రాయి ఉంటే కాస్త ఎక్కువ లాగుతుంది. తేలిక రాయి ఉంటే కాస్త తక్కువ. ఆ తేడా మనకు తెలియదు. గ్రావిమీటరు అనే పరికరానికి తెలుస్తుంది. అందులో స్ప్రింగుకు చిన్న బరువు వేలాడుతుంది. పది కోట్లలో ఒక వంతు తేడానైనా అది పడుతుంది.

హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు గోదావరి లోయలో ఇలా కొలిచారు. నేల ఎత్తుపల్లాల వల్ల వచ్చే తేడాను లెక్కగట్టి తీసేస్తారు. లోయ బయట లాగుడు ఎక్కువ, లోపల తక్కువ. లెక్క ఉన్నట్టుండి మారిన చోట పగులు ఉన్నట్టు గుర్తు.

ఈ కొలత పగులు ఎక్కడుందో చెబుతుంది. భూకంపం ఏ రోజు వస్తుందో చెప్పదు. అది ఎవరూ చెప్పలేరు. "ఈ రాత్రి భూకంపం వస్తుంది" అని పుకారు పుడితే నమ్మవద్దు.

జాగ్రత్త మాత్రం మన చేతుల్లో ఉంది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని లాతూరు ప్రాంతంలో భూకంపం వచ్చింది. రాళ్లు, మట్టితో కట్టిన గోడలు నిద్రలో ఉన్నవారి మీద కూలాయి. వేలమంది చనిపోయారు. అందుకే ఇల్లు కట్టించేటప్పుడు మేస్త్రీని ఒక మాట అడగాలి. తలుపుల పైన నాలుగు గోడలనూ కలుపుతూ, ఇనుప చువ్వలు పెట్టి, కాంక్రీటు పట్టీ వేస్తున్నాడా? ఆ పట్టీ గోడలను విడిపోకుండా పట్టి ఉంచుతుంది.

ఆలోచించి చెప్పండి:
1. పగులు ఉన్నచోటు ఎలా తెలుస్తుంది?
2. గ్రావిమీటరు ఏం చెప్పలేదు?
3. మీ ఇంటి గోడలకు పట్టీ ఉందా?