వాహనమునకు పట్టిన తుప్పు: ఇంటియందు చేసికొనదగిన చికిత్స

వానకాలము వెళ్లిన పిమ్మట మన పాఠశాల సైకిళ్ల కొట్టములోనికి ఒకమారు తొంగిచూచినచో, తుప్పు మచ్చ లేని సైకిలు అరుదుగా కనబడును. వానిలో పెక్కు అన్న త్రొక్కి విడువగా తమ్మునికి, అక్క త్రొక్కి విడువగా చెల్లెలికి వచ్చినవి. తల్లిదండ్రులు పనికి తీసికొనిపోవు స్కూటర్ల స్థితియు ఇంచుమించు అంతే. చెన్నపట్టణమునను గంజాం తీరమునను నివసించు మనవారికి ఉప్పుగాలి బాధ కలదు. బెంగుళూరు, షోలాపురములలో నున్నవారికి ఆ గాలి లేకున్నను వాననీరు, బురద తప్పవు.

ఈ విషయమున మేము చేసిన పొరపాటును ముందుగా చెప్పుట న్యాయము. మా యింట పెద్దవాని సైకిలును చిన్నవానికి ఇయ్యదలచి, ముందు చక్రమును పట్టియుండు ఫోర్కు మీది తుప్పు మచ్చలపై, కిటికీలకు వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగును పూసితిమి. సైకిలు క్రొత్తదానివలె మెరసినది. ఇంటిల్లిపాదియు సంతసించితిమి. ఏడాది తిరుగకమునుపే ఆ రంగు బొబ్బలెక్కినది. గాలి కొట్టించుటకు పోయినప్పుడు సైకిలుషాపు మేస్త్రీ ఆ బొబ్బను గీకి చూపగా, దానిక్రింద వెంట్రుకవాసి పగులు కనబడినది. లారీలు తిరుగు బాటపై పిల్లవాడు ప్రతిదినము దానినే త్రొక్కుచుండెను. మేము పూసిన రంగు దోషమును పోగొట్టలేదు. మా కన్నులకు కనబడకుండ దాచినది. ఈ వ్యాసము వ్రాయుటకు ఆనాటి భయమే కారణము.

తుప్పు ఎట్లు పట్టును?

ఇనుము నీటితోను, గాలిలోని ప్రాణవాయువుతోను కలిసినప్పుడు తుప్పు ఏర్పడును. నీటిలో ఉప్పు కరిగియున్నచో ఈ మార్పు మరింత వేగముగ జరుగును. అల్యూమినియముపై ఏర్పడు పొర గట్టిగా అంటుకొని లోపలి లోహమును కాపాడును. తుప్పు అట్టిది కాదు. అది గుల్లగా నుండి నీటిని లోనికి పోనిచ్చును. పైగా, తాను తినివేసిన ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును. అందుచే చుట్టునున్న రంగును పైకెత్తును. ఒక రాయి తగిలి ఆవగింజంత రంగు ఊడినచోట, కొన్ని మాసములకు అర్ధరూపాయంత మచ్చ ఏర్పడుటకు కారణమిదియే.

ఇంటిపని ఏది? మేస్త్రీపని ఏది?

తుప్పునకు మూడు దశలు కలవు. మొదటిదానిలో గోధుమవన్నె పొడి పైపైన మాత్రముండును. రుద్దగనే తెల్లని లోహము బయటపడును. రెండవదానిలో రంగు ఉబ్బి, క్రింద చిన్న చిన్న గుంటలు కనబడును. మూడవదానిలో రేకు పొరలుపొరలుగా ఊడును. స్క్రూడ్రైవరు కొనతో నొక్కినచో లోనికి దిగును. మొదటి దశను ఇంటియందే నిశ్చింతగా బాగుచేసికొనవచ్చును. మడ్‌గార్డు, క్యారియరు, చైనుకవరు వంటి భాగములయందు రెండవ దశకు కూడ ఇంటి చికిత్స చాలును. అయితే ఫ్రేము, ఫోర్కు, హ్యాండిలు, చక్రముల రిమ్ములయందు గుంటలుగాని పగుళ్లుగాని ఉన్నచో రంగుడబ్బాను ముట్టరాదు, మేస్త్రీకి చూపవలెను. బ్రేకుకట్టలు ఒరయు రిమ్ముప్రక్కలకును, స్కూటరు డిస్కునకును రంగు, నూనె ఎన్నడును తగులనీయరాదు.

పని జరుగు క్రమము

వాన లేని పొడిదినమున, నీడగల ఆరుబయట ఈ పని పెట్టుకొనవలెను. ముందు సబ్బునీటితో బురదను, నూనెజిడ్డును కడిగి, పొడిగుడ్డతో తుడిచి ఆరనీయవలెను. జిడ్డుపై ఏ రంగును నిలువదు. మచ్చ చుట్టునున్న మంచి రంగునకు కాగితపు అంటుపట్టీ అంటించవలెను.

పిమ్మట గీకుట. ఇదియే అసలైన చికిత్స. తక్కినవన్నియు దీనికి రక్షణలు మాత్రమే. 120 సంఖ్యగల ఉప్పుకాగితముతో ఆరంభించి, 320తో, ఆపైన 600తో రుద్దవలెను. సంఖ్య పెరిగినకొలది నునుపు పెరుగును. గోధుమవన్నె పోయి లోహము మెరయువరకు విడువరాదు. రంగు అంచు మెట్టువలె నిలువక ఏటవాలుగ దిగవలెను. దానిపై గోరు నడిపినచో తట్టుకొనరాదు.

ఇచ్చట తల్లిదండ్రులు గమనింపవలసిన దొకటి కలదు. మన దేశమున ఇండ్లకు వేయు రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను నియమము 2016లో ఏర్పడి, 2017 నవంబరునుండి అమలులోనికి వచ్చినది. అది ఇంటి రంగులను గూర్చినది. వాహనముల పాత రంగులో సీసము ఉండవచ్చును. సీసపు ధూళి పిల్లల మెదడునకు హాని చేయును. కావున పాత రంగును పొడిగా రుద్దరాదు, తడిపి రుద్దవలెను. రుద్దువారు ముక్కునకు మాస్కు కట్టుకొనవలెను. పిల్లలను దూరముగ నుంచి, ఆ బురదను గుడ్డతో ఎత్తివేయవలెను. తడిసిన ఇనుమును వెంటనే తుడిచి ఆరబెట్టనిచో, గంటలలోనే క్రొత్త తుప్పు పట్టును.

గుంటల అడుగున కాగితమునకు అందని తుప్పు మిగిలినచో, దానిని మార్చు ద్రావకములు అంగళ్లలో దొరకును. కొన్నింటిలో ఫాస్ఫారికామ్లము, కొన్నింటిలో టానికామ్లము ఉండును. టానికామ్లము తుప్పుతో కలిసి నల్లని పదార్థమగును. మన పెద్దలు కరక్కాయను అన్నభేదితో కలిపి సిరా చేసికొన్నది ఈ గుణముచేతనే. కరక్కాయలో టానికామ్లపు జాతి పదార్థము, అన్నభేదిలో ఇనుము కలవు. చేతులకు తొడుగులు లేక ఈ ద్రావకములను ముట్టరాదు. డబ్బాపై వ్రాసిన విధమును తప్పరాదు.

తరువాత ప్రైమరు పూయవలెను. సాధారణముగ దొరకు రెడ్ ఆక్సైడు ప్రైమరులోని ఎఱుపు కూడ ఇనుప ఆక్సైడే. అయినను నూనెలోనో జిగురులోనో బంధింపబడియున్నందున, తుప్పు జాతిదయ్యును తుప్పునుండి కాపాడును. పలుచగా రెండు పూతలు చాలును. అది ఆరిన పిదప 600 కాగితముతో తేలికగ రుద్ది, రంగు వేయవలెను. స్కూటరు రంగునకు తయారీదారు సంకేతసంఖ్య ఉండును. అది చెప్పి కొన్నచో వన్నె సరిపోవును. స్ప్రేడబ్బాను జానెడు దూరమునుండి పట్టి, చేతిని ఆపక కదలించుచు పలుచని పూతలు మూడు వేయవలెను. ఒకేమారు దట్టముగ వేసినచో రంగు కారును. ఆవగింజంత దెబ్బకు కుంచె అక్కరలేదు. అగ్గిపుల్ల కొనతో చుక్క పెట్టిన చాలును. తుదకు పారదర్శకమైన వార్నీషు పూత వేయవలెను. ఈ పనులు జరుగుచోట నిప్పు ఉండరాదు.

మరల పట్టకుండుటకు

సముద్రతీరమున నున్నవారు వారమున కొకమారు మంచినీటితో వాహనమును కడిగి తుడువవలెను. స్కూటరు కాళ్లుపెట్టు చోటనున్న రబ్బరుపట్టాను ఎత్తి, క్రింద నిలిచిన నీటిని తుడువవలెను. తడిసిన బండిపై ప్లాస్టిక్కు గుడ్డ కప్పరాదు. లోపలి తేమ బయటికి పోలేదు.

కడుగుట, తుడుచుట, అంటుపట్టీ అంటించుట పిల్లలచేత చేయింపుడు. గరుకు, నునుపు, పొర, పూత, అంచు, మెట్టు అను మాటలు వారి చెవిని పడును. తెనుగు చదువు వారమునకు కొన్ని గంటలే దొరకు మన పిల్లలకు, చేతితో తాకి నేర్చిన మాట మరువరాని దగును.

మా చిన్నవాని సైకిలునకు క్రొత్త ఫోర్కు వేయించితిమి. ఆ పాత ఫోర్కును పారవేయక మా వాకిట ఒకమూల ఉంచితిమి. ఎప్పుడైన తొందరలో రంగుడబ్బాపై చేయిపడినప్పుడు, ముందు దానివంక చూచి ఉప్పుకాగితము తీయుచున్నాము.