గుర్రపుడెక్కతో గ్యాసు

కొల్లేటి ఒడ్డున ఒక లంక ఊరు. ఆ ఊళ్లో ఒక అత్త, ఒక కోడలు. అత్త కొడుకు, ఇద్దరు పిల్లలతో కలిపి ఇంట్లో అయిదుగురు. దొడ్లో రెండు గేదెలు.

వానాకాలం వచ్చిందంటే ఆ ఇంట్లో వంట పెద్ద పని. పిడకలు తడుస్తాయి. పుల్లలు మండవు. కోడలు గొట్టంతో ఊదీ ఊదీ కళ్లు ఎర్రబడేవి. గ్యాసు బండ ఉంది. అయితే అది అయిపోతే మళ్లీ డబ్బు కావాలి కదా! అందుకని బండ మూలనే ఉండేది.

ఇంటి ముందు కాలువ. కాలువ నిండా గుర్రపుడెక్క. ఇది మన దేశపు మొక్క కాదు. దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. పూలు ఊదా రంగులో ముచ్చటగా ఉంటాయి. కానీ ఒకసారి కమ్ముకుందంటే దోనె కదలదు. నీరు పారదు. చేపకు గాలి ఆడదు.

"అత్తయ్యా, ఈ గుర్రపుడెక్కతో గ్యాసు వస్తుందంట" అంది కోడలు ఒకరోజు.

"చాల్లే అమ్మాయ్! మన గేదెలే దాన్ని సరిగా తినవు. దాంతో అన్నం వండుతావా?" అంది అత్త.

కోడలు విన్నది నిజమే. పేడనీ ఆకునీ గాలి తగలకుండా మూసి ఉంచితే కంటికి కనపడని సూక్ష్మజీవులు వాటిని కుళ్లబెడతాయి. అప్పుడు ఒక వాయువు పుడుతుంది. అందులో సగానికి పైగా మిథేను. మండేది అదే. ఆ సూక్ష్మజీవులు పేడలో ముందే ఉంటాయి. అందుకే ఒట్టి ఆకు వేస్తే లాభం లేదు. పేడ ఉండాలి.

అత్త లెక్క అడిగింది. గేదె రోజుకు సుమారు 15 కిలోల పేడ వేస్తుంది. మేతకు పోయినప్పుడు వేసింది మనకు దక్కదు. రెండింటికీ కలిపి ఇంటికి 25 కిలోలు దక్కితే గొప్ప. దాంతో ఒక ఘనపు మీటరు గ్యాసు వస్తుంది. అది ముగ్గురు నలుగురి వంటకు సరి. ఇంట్లో ఉన్నది అయిదుగురు. ఆ తక్కువైనది గుర్రపుడెక్క పూడ్చాలి.

గోబర్ గ్యాసు మనకు కొత్త కాదు. 1981-82లోనే కేంద్ర ప్రభుత్వం దానికి జాతీయ పథకం పెట్టింది. ఇనప డ్రమ్ము తేలే రకం ఒకటి. ఇటుకలతో గుమ్మటం కట్టే 'దీనబంధు' రకం ఒకటి. దీనబంధు 1984లో వచ్చింది. దానికి ఖర్చు తక్కువ. కానీ కొల్లేటి నేలలో నాలుగు అడుగులు తవ్వితే నీరు ఊరుతుంది. కనుక గొయ్యి ఎండాకాలంలోనే తవ్వాలి. మెరక చూసి తవ్వాలి. పని తెలిసిన మేస్త్రీయే కట్టాలి. గుమ్మటానికి చిన్న పగులు ఉన్నా గ్యాసంతా పోతుంది.

వాళ్లు అలాగే కట్టించారు. మొదట పేడ, నీళ్లు సమానంగా కలిపి నింపారు. కొన్ని వారాలు ఆగారు. మొదట వచ్చిన గ్యాసును వెలిగించకుండా బయటికి వదిలేశారు. అందులో గాలి కలిసి ఉంటుంది. అగ్గిపుల్ల గీస్తే పేలవచ్చు. ఇంకో మాట. గోతిలోకి ఎప్పుడూ, ఎవరూ దిగకూడదు. లోపల ఊపిరి ఆడదు. ప్రాణం పోతుంది.

మంట బాగా వచ్చాకనే ఆకు మొదలుపెట్టారు. కొల్లేరు సరస్సు 1999 నుంచి రక్షిత ప్రాంతం. అందుకని సరస్సు జోలికి పోలేదు. ఊరి కాలువలోదే లాగారు. వేళ్లు, బురద తీసేసి, కత్తితో సన్నగా తరిగి, కొన్నాళ్లు కుళ్లనిచ్చి పేడలో కలిపారు.

ఒకసారి అత్త తొందరపడింది. పేడ తక్కువ, ఆకు ఎక్కువ వేసింది. తరగనూ లేదు. గుర్రపుడెక్క తేలే మొక్క కదా! లోపల పైకి తేలి తెట్టు కట్టింది. మంట సన్నబడింది. పది రోజులు మళ్లీ పుల్లల పొయ్యే గతి. కోడలు ఏమీ అనలేదు. కర్ర పెట్టి కలిపింది. ఆకు మానేసి పేడే వేసింది. మంట తిరిగి వచ్చింది.

ఇప్పుడు ఆకు తరగడం అత్త పని. బయటికి వచ్చే పేడ నీళ్లు పెరట్లో బెండ, వంగ మొక్కలకు పోస్తున్నారు. అన్నం, కూర, చేపల పులుసు గ్యాసు మీదే. స్నానాల నీళ్లకు మాత్రం గ్యాసు చాలదు. దానికి పాత పొయ్యి ఇంకా ఉంది, వసారా బయట.