ఒకే ధర, రెండు సంధులు

చిరంజీవి అమ్మడికి, తాతయ్య దీవించి రాయునది.

1803లో లూసియానాకూ, 1848లో మెక్సికో నేలకూ అమెరికా కట్టిన వెల ఒకటే కదా, కోటీ యాభై లక్షల డాలర్లు. అలాంటప్పుడు రెండూ కొనుగోళ్లేనా అని అడిగావు. వెల చూసి తేల్చకమ్మా. సంతకం నాటికి అమ్మేవాడు ఏ స్థితిలో ఉన్నాడో చూడు.

లూసియానాను నెపోలియనే అమ్మజూపాడు. హైతీలో తిరగబడ్డ బానిసలూ, విషజ్వరాలూ కలిసి అతని సేనను తుడిచిపెట్టాయి. బ్రిటన్‌తో మళ్లీ యుద్ధం ముంచుకొస్తోంది, డబ్బు కావాలి. పారిస్‌లో అమెరికా రాయబారులు లివింగ్‌స్టన్, మన్రో బేరమాడబోయింది న్యూ ఆర్లియన్స్ రేవు కోసం. చేతికొచ్చింది మిసిసిపీకి పడమర రాకీ పర్వతాల దాకా ఉన్న నేల!

మెక్సికో సంగతి వేరు. అమెరికా సేన 1847 సెప్టెంబరు నుంచి దాని రాజధానిలోనే తిష్ఠ వేసింది. ఆ నగరం పక్కనే గ్వాడలూపే హిడాల్గోలో 1848 ఫిబ్రవరి 2న సంధి జరిగింది. కాలిఫోర్నియాలో బంగారం బయటపడి అప్పటికి తొమ్మిది రోజులు. సంతకాలు చేసినవారికి ఆ కబురే అందలేదు. గెలిచిన నేలకు సొమ్మెందుకు ఇచ్చారంటావా? ఆక్రమణ కాస్తా క్రయంలా కనబడటానికేనని నా అభిప్రాయం.

మెక్సికోతోనే కుదిరిన 1853 నాటి గాడ్స్‌డెన్ ఒప్పందాన్ని దీని పక్కన పెట్టి చదువు. 1848లో వచ్చినదాంట్లో పదిహేనో వంతు కూడా లేని భూమికి కోటి డాలర్లు ఇచ్చారు. దక్షిణాన రైలు మార్గం వేయడానికి ఆ నేల కావాలి మరి.

ఇక అక్కడ కాపురముంటున్నవాళ్ల మాట. మూడు బేరాల్లోనూ ఆదివాసులను ఎవరూ పిలవలేదు. మెక్సికన్ల ఆస్తులకు 1848 సంధి హామీ ఇచ్చింది. కానీ పాత భూమి పట్టాలను కాపాడే పదో అధికరణాన్ని అమెరికా సెనేట్ కొట్టేసింది. 1851 చట్టం ప్రకారం కాలిఫోర్నియాలో భూయజమానులే తమ హక్కు రుజువు చేసుకోవాల్సి వచ్చింది. ఆ వ్యాజ్యాల ఖర్చులకే చాలామంది పొలాలు కరిగిపోయాయి.

అందుకే ఏ సంధి చదివినా ధర దగ్గర ఆగకు. అమ్మేవాడికి కాదనే వీలుందా, కొనేవాడి అవసరమేమిటి, ఆ నేలమీది మనుషులకు రాసిచ్చిన హామీ తర్వాత నిలిచిందా అని చూడు. 1867లో రష్యా 72 లక్షల డాలర్లకు అలాస్కా అమ్మింది. దాన్ని ఇదే పద్ధతిలో పరిశీలించి నాకు జవాబు రాయి.

ఆశీస్సులతో,
తాతయ్య