గోధుమ మానినా కడుపు కుదుటపడలేదా?
సీలియాక్ వ్యాధి ఉన్నవారి ఇంటివారికి ఒక పాఠం



మీ ఇంట్లో ఒకరికి సీలియాక్ వ్యాధి ఉన్నదని డాక్టరుగారు చెప్పారు. గోధుమ, బార్లీ మానేస్తే తగ్గుతుందన్నారు. మీరు మానిపించారు. నెలలు గడిచాయి. అయినా కడుపు ఉబ్బరం, గ్యాస్, విరేచనాలు, నీరసం పూర్తిగా పోలేదు. "ఇంకేం చేయాలి సిస్టర్?" అని అడుగుతున్నారు. ఈ పాఠం అలాంటి ఇళ్ళ కోసం రాస్తున్నాను.

నార్సింగి నుంచి ఒక తల్లి తన కూతురిని తీసుకుని మా దగ్గరకు వచ్చింది. ఆ అమ్మాయి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక కంపెనీలో రాత్రి షిఫ్టు చేస్తుంది. జబ్బు తేలి ఏడు నెలలైంది. చపాతీ ముట్టలేదు, బిస్కెట్ ముట్టలేదు. అయినా కడుపు ఉబ్బరమే, వారంలో మూడు నాలుగు రోజులు నీళ్ళ విరేచనాలే. తల్లి నన్ను పక్కకు పిలిచి కళ్ళు తుడుచుకుంటూ అన్నది: "నా బిడ్డ ఆఫీసుల చాటుగ ఏదో తింటున్నదని రోజూ తిట్టిన సిస్టర్. అది తింటలేనని ఏడుస్తది. ఎవరి మాట నమ్మాలె?"

కూతురు నిజమే చెప్పింది. గ్లూటెన్ ఆఫీసులో కాదు, ఇంట్లోనే దొరికింది. ఎక్కడ దొరికిందో కింద చెబుతాను. ముందు జబ్బు సంగతి కొంచెం తెలుసుకుందాం.

లోపల ఏం జరుగుతుంది?

గోధుమ పిండిని కలిపినప్పుడు బంకలా సాగేటట్టు చేసే మాంసకృత్తే గ్లూటెన్. అలాంటి మాంసకృత్తులే బార్లీలోనూ, రై అనే ధాన్యంలోనూ ఉంటాయి. (హిందీలో ఆవాలను రాయీ అంటారు. ఆవాలు వేరు, ఈ రై వేరు. ఆవాలు మానక్కరలేదు.) సీలియాక్ వ్యాధి ఉన్నవారిలో గ్లూటెన్ లోపలికి వెళ్ళినప్పుడు శరీరపు రక్షణ వ్యవస్థ పొరబడి సొంత చిన్నపేగు మీదే దాడి చేస్తుంది.

చిన్నపేగు లోపలి గోడ తువ్వాలు మీది నూలుపోగుల్లా సన్నని మొలకలతో నిండి ఉంటుంది. తిన్న తిండిలోని సారాన్ని పీల్చుకునేది అవే. దాడి జరిగినకొద్దీ అవి అరిగి చదునైపోతాయి. అప్పుడు ఎంత తిన్నా ఒంటికి పట్టదు. విరేచనాలు, బరువు తగ్గడం, రక్తహీనత, ఎముకల బలహీనత వస్తాయి.

ఇది గోధుమ వల్లే అని ఎలా తెలిసింది? నెదర్లాండ్స్‌లో విల్లెమ్ డికే అనే పిల్లల వైద్యుడు దీన్ని గమనించారు. రెండవ ప్రపంచ యుద్ధం చివర, 1944-45 చలికాలంలో, అక్కడ రొట్టె దొరకలేదు. అందరూ ఆకలితో అలమటిస్తుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం కోలుకున్నారు. రొట్టె మళ్ళీ రాగానే జబ్బు తిరగబెట్టింది. 1950లో ఆయన తన పరిశోధనను గ్రంథంగా సమర్పించారు. ఈ రోజు వరకు ఈ జబ్బుకు ఆహార నియమమే అసలైన చికిత్స.

తగ్గడానికి ఎంత కాలం పడుతుంది?

చాలామందికి కొన్ని వారాల్లోనే తేడా తెలుస్తుంది. కానీ బాధ తగ్గడం వేరు, పేగు మానడం వేరు. పిల్లల్లో పేగు త్వరగా మానుతుంది. పెద్దవారిలో రెండేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. కాబట్టి రెండో నెలలోనే నిరాశపడకండి. అలాగని ఆరు నెలలు, ఏడాది దాటినా బాధ ఉంటే "ఈ జబ్బు ఇంతేలే" అని ఊరుకోకండి. అప్పుడు కారణాన్ని ఒక వరుసలో వెతకాలి.

మొదట వంటింట్లో వెతకండి

నియమం పాటించినా తగ్గకపోవడానికి ఎక్కువగా కనిపించే కారణం తెలియకుండా లోపలికి పోతున్న గ్లూటెన్. ఎంత పోతే చెడుపు? రోజూ 50 మిల్లీగ్రాములు మూడు నెలలపాటు తిన్నవారి పేగు దెబ్బతిన్నట్టు 2007లో ఒక పరిశోధన చూపింది. ఒక చపాతీలో రెండు గ్రాములకు పైగానే గ్లూటెన్ ఉంటుంది. అంటే చపాతీలో చిటికెడు తునక రోజూ పోయినా చాలు. ఇంకో మాట: వేయించినా, ఉడికించినా, కాల్చినా గ్లూటెన్ పోదు.

మన ఇళ్ళలో ఇది దాగి ఉండే చోట్లు ఇవి:

1. ఇంగువ. అంగట్లో దొరికే ఇంగువ పొడిలో చాలావాటిలో గోధుమ పిండి గాని మైదా గాని కలుపుతారు. ఆ పొడి చారులో, పులిహోరలో, పచ్చళ్ళలో, పొడుల్లో పడుతుంది. గ్యాస్ తగ్గాలని ఇంగువ కలిసిన చూర్ణం ఇస్తే తగ్గకపోగా పెరగవచ్చు. బియ్యపు పిండితో చేసినదనీ గ్లూటెన్ లేదనీ పాకెట్ మీద ఉంటేనే వాడండి. లేకపోతే వెల్లుల్లి, జీలకర్రతో పోపు పెట్టండి.

2. పిండి మర. జొన్నల్లో గ్లూటెన్ లేదు. కానీ గోధుమలు ఆడించిన మరలోనే మీ జొన్నలు ఆడిస్తే గోధుమ పిండి కలిసి వస్తుంది. ఇంట్లో మిక్సీలో గాని, రోగి కోసం విడిగా ఉంచిన చిన్న మరలో గాని ఆడించుకోండి.

3. రవ్వ. మాట ఒకటే, సరుకులు రెండు. ఇడ్లీ రవ్వ బియ్యంతో చేసింది. ఉప్మా రవ్వ, అంటే బొంబాయి రవ్వ, గోధుమది. రవ్వ దోశె, రవ్వ ఇడ్లీ, రవ్వ కేసరి, సేమియా అన్నీ గోధుమవే.

4. బార్లీ నీళ్ళు. ఒంట్లో బాగాలేదంటే మన పెద్దవాళ్ళు ప్రేమతో కాచి ఇచ్చేవి ఇవే. ఈ జబ్బులో అవి పనికిరావు. పాలలో కలిపే మాల్ట్ పొడుల్లో చాలావాటికి బార్లీయే ఆధారం. బీరు కూడా బార్లీతో చేసినదే.

5. పెనం, నూనె, గరిటె. చపాతీ కాల్చిన పెనం మీదే దోశె, పూరీలు వేయించిన నూనెలోనే గారెలు వేస్తే దోశె, గారె కూడా పనికిరాకుండా పోతాయి.

6. బయటి తిండి. మైసూరు బజ్జీలో మైదా ఉంటుంది, పునుగుల్లోనూ ఉండవచ్చు. మంచూరియాలో మైదాతో పాటు సోయా సాస్ కూడా ఉంటుంది, దానిలో సాధారణంగా గోధుమ ఉంటుంది. రంజాన్ నెలలో దొరికే హలీం గోధుమలతోనే చేస్తారు. "రాగి బిస్కెట్" అని రాసి ఉన్నా లోపల మైదా ఉండవచ్చు. ఓట్స్‌లో గోధుమ కలిసే అవకాశం ఎక్కువ. డాక్టరుగారు చెప్పేవరకు వద్దు.

7. పండుగలు, ఆరాధనలు. బొబ్బట్లు, కాజాలు సాధారణంగా మైదాతో చేస్తారు. అన్నవరం ప్రసాదం గోధుమ నూకతో చేస్తారు. మా చర్చిలో ప్రభువు బల్ల రొట్టె కూడా గోధుమదే. పాస్టరుగారితో గాని పూజారిగారితో గాని ముందే మాట్లాడుకుంటే ఎవరూ తప్పుపట్టరు.

పాకెట్ కొనేటప్పుడు వెనుక వైపు చదవండి. మన దేశపు ఆహార నిబంధనల ప్రకారం గ్లూటెన్ లేనిదని అమ్మే వస్తువులో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. 2020 నాటి లేబుల్ నిబంధనల ప్రకారం గ్లూటెన్ ఉన్న ధాన్యం కలిపితే ఆ సంగతి పాకెట్ మీద చెప్పాలి.

తినదగినవి మనకు కొదువ లేదు. బియ్యం, జొన్నలు, సజ్జలు, రాగులు, కొర్రలు, సామలు, మొక్కజొన్న, సగ్గుబియ్యం, పప్పులు, గుడ్లు, చేపలు, మాంసం, కూరగాయలు, పండ్లు అన్నీ మంచివే. చిరుధాన్యాల పరిశోధన సంస్థ మనకు దగ్గరలోనే రాజేంద్రనగర్‌లో ఉంది. మన తాతలు తిన్న జొన్న రొట్టె, రాగి సంకటి ఈ రోగులకు చక్కని ఆహారం.

వంటిల్లు సరిచేసినా బాధ ఉంటే?

ఆ అమ్మాయి ఇంట్లో ఇంగువ మార్చారు. జొన్నలు ఇంట్లోనే ఆడించారు. రెండు నెలల్లో విరేచనాలు ఆగాయి, కానీ ఉబ్బరం, గ్యాస్ మిగిలాయి. తల్లి మళ్ళీ బెంగపెట్టుకున్నది. ఈసారి కారణం పాలు. రాత్రి షిఫ్టులో ఆ బిడ్డ నాలుగు సార్లు టీ తాగేది. పాలలోని చక్కెరను జీర్ణం చేసే రసం పేగు మొలకల కొసల దగ్గరే తయారవుతుంది. మొలకలు అరిగిపోతే ఆ రసమూ తగ్గుతుంది. పేగు మానినకొద్దీ చాలామందికి ఇది సర్దుకుంటుంది. అందాకా పాలు తగ్గించి, ఒంటికి పడితే పెరుగు, మజ్జిగ ఇవ్వవచ్చు. కాల్షియం కోసం రాగులు, నువ్వులు, మునగాకు ఇవ్వండి.

చూశారా, ఒకే మనిషిలో రెండు కారణాలు ఉన్నాయి. ఒకటి సరిచేయగానే అంతా పోకపోతే మొదటిది తప్పని కాదు, రెండోది ఇంకా ఉన్నదని అర్థం.

డాక్టరుగారు చూసే ఇతర కారణాలు ఇవి:

చిన్నపేగులో సూక్ష్మక్రిములు మితిమీరి పెరగడం. దీనికి మందు ఉంది.

మలబద్ధకం. గోధుమ మాని తెల్లన్నం ఒక్కటే తింటే పీచు తగ్గి ఉబ్బరం వస్తుంది. కూరగాయలు, పప్పులు, చిరుధాన్యాలు, నీళ్ళు పెంచాలి.

సీలియాక్‌తో పాటు విడిగా ఉండే పేగు అతిచురుకుదనం, క్లోమరసం తక్కువ కావడం, పెద్దపేగు వాపు, థైరాయిడ్ లోపం.

అసలు జబ్బు నిర్ధారణను మరోసారి చూడటం. ఇది మన ప్రాంతంలో ముఖ్యం. 2016లో వెలువడిన ఒక పెద్ద సర్వేలో ఉత్తర భారతంలో నూటికి 1.23 మందిలో సీలియాక్ కనిపిస్తే, దక్షిణాదిన నూటికి 0.10 మందిలో, అంటే వెయ్యికి ఒకరిలో కనిపించింది. మన ఐటీ కారిడార్‌లో ఉత్తరాది కుటుంబాలు చాలా ఉన్నాయి, తెలుగువారికీ ఈ జబ్బు వస్తుంది. అయితే పేగు మొలకలు అరగడానికి ట్రాపికల్ స్ప్రూ, జియార్డియా అనే పరాన్నజీవి వంటి వేరే కారణాలూ ఉన్నాయి. పేగు క్షయ లక్షణాలు కూడా ఇలాగే ఉండవచ్చు. అందుకే మొదటి రక్తపరీక్ష, ఎండోస్కోపీ, బయాప్సీ కాగితాలు పారేయకుండా తీసుకురండి.

చాలా అరుదుగా మాత్రమే నియమానికి లొంగని సీలియాక్ ఉంటుంది. దానికి పెద్ద ఆసుపత్రిలో ప్రత్యేక చికిత్స అవసరం. ముందే అది ఊహించుకుని భయపడకండి.

ఒక హెచ్చరిక. "తగ్గలేదు గనుక జబ్బే లేదేమో, ఒక చపాతీ పెట్టి చూద్దాం" అని మీ అంతట మీరు పరీక్ష చేయకండి. కొందరికి గోధుమ తిన్నా బయటికి బాధ తెలియదు, లోపల పేగు మాత్రం దెబ్బతింటూనే ఉంటుంది.

ఆలస్యం చేయకుండా తీసుకురావలసిన లక్షణాలు

బరువు తగ్గుతూనే ఉండటం, మలంలో రక్తం, నిద్ర నుంచి లేపే విరేచనాలు, జ్వరం, ఆగని వాంతులు, తీవ్రమైన కడుపు నొప్పి, కాళ్ళ వాపు, పెరుగుతున్న రక్తహీనత. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి.

ఇంటివారు చేయవలసిన పనులు

1. రెండు వారాలపాటు ఒక నోటు పుస్తకంలో రాయండి: ఏం తిన్నారు, ఎక్కడ తిన్నారు, ఏ మందులు వేసుకున్నారు, ఎన్ని గంటలకు బాధ వచ్చింది. డాక్టరుగారికి ఇది చాలా ఉపయోగపడుతుంది.

2. రోగికి విడిగా ఒక పెనం, ఒక జల్లెడ, ఒక పిండి డబ్బా పెట్టండి. వీలైతే ఇంటిల్లిపాదీ ఒకే వంట తినండి.

3. రక్తపరీక్ష ఆరు నెలలకు, ఏడాదికి, ఆ తర్వాత ఏటా చేయించండి. యాంటీబాడీలు తగ్గకపోతే గ్లూటెన్ ఎక్కడి నుంచో పోతున్నదని అనుమానించాలి. పరీక్ష బాగున్నంత మాత్రాన కొద్దిపాటి కల్తీ లేదని చెప్పలేం. ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12, డి విటమిన్ కూడా చూపించండి.

4. రోగి తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు కూడా రక్తపరీక్ష చేయించుకోవాలి. పరీక్షకు ముందు వారు గోధుమ మానకూడదు, మానితే జబ్బు కనబడకపోవచ్చు.

5. అన్నిటికన్నా ముఖ్యం, రోగిని దొంగగా చూడకండి. పెళ్ళిలో అందరూ భోంచేస్తుంటే ఒక్కరే డబ్బా విప్పుకుని తినడం ఎంత కష్టమో ఆలోచించండి. "ఏం తిన్నావు?" అని గద్దించి అడిగితే మనిషి దాచుకుంటాడు. "ఎక్కడ కలిసిందో ఇద్దరం వెతుకుదాం" అంటే నిజం బయటికి వస్తుంది, జబ్బూ తగ్గుతుంది.

ఆ తల్లి మొన్న మళ్ళీ వచ్చింది. కూతురి బరువు నాలుగు కిలోలు పెరిగింది. ఇప్పుడు ఇద్దరూ కలిసి అంగడికి వెళ్ళి ప్రతి పాకెట్ వెనక చదువుతారట. "బిడ్డను తిట్టినందుకు మాఫీ అడిగిన సిస్టర్. అది నవ్వి, అమ్మా నీ చారే నన్ను పడగొట్టిందే అన్నది" అని చెప్పి తానూ నవ్వింది.

మీ ఇంట్లోనూ ఇంకా బాధ ఉంటే ఈ రోజే వంటింటి అర దగ్గర మొదలుపెట్టండి. ఇంగువ డబ్బా తీసి వెనక ఏం రాసి ఉందో చదవండి. సందేహం ఉంటే ఆ డబ్బా పట్టుకునే మా దగ్గరకు రండి, కలిసి చూద్దాం.